బిడ్డ ఇంటికొచ్చింది... మరి తల్లి?

'ఆడా, మగా?'

'నార్మలా, పెద్దాపరేషనా?'

కాన్పయిందని ఫోన్ చేయగానే అవతలి నుంచి వరసగా వచ్చే ప్రశ్నలివి. రెండింటికీ జవాబు దొరికాక స్వీట్లెప్పుడన్న మాట వస్తుంది. సరిగ్గా అదే సమయానికి ఆ తల్లి మంచం మీద చలికి వణికినట్లు వణుకుతూ, కాళ్లు తనవి కావన్నట్టు కదల్లేక, బిడ్డకు పాలెలా ఇవ్వాలో తెలియక పడుకుని ఉంటుంది. 'ఇలా అవుతుందని ఒక్కరూ చెప్పలేదే...' అన్న బాధే ఆమెకు కుట్ల నొప్పి కన్నా ఎక్కువ.

చెప్పేవాళ్లు లేక కాదు. పెద్దాపరేషన్ మనకంత మామూలైపోయింది మరి! 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే. దేశం మొత్తమ్మీద ఆ లెక్క 21.5 మాత్రమే. మన రాష్ట్రంలో ప్రైవేటు ఆస్పత్రుల్లో అయితే 81.5 శాతం, ప్రభుత్వాస్పత్రుల్లో 44.5 శాతం. అంటే కామారెడ్డి పట్టణంలోనైనా, ఎల్లారెడ్డి చుట్టుపక్కల తండాల్లోనైనా ఈసారి తొలి కాన్పుకు సిద్ధమవుతున్న అమ్మాయికి పెద్దాపరేషన్ దూరపు సంగతి కాదు. నార్మల్ కావాలనే కోరుకుందాం. కానీ ఆపరేషన్ అయితే ఏం జరుగుతుందో కూడా ముందే తెలుసుకుందాం. ఆమె ఒక్కతే కాదు, ఇంటిల్లిపాదీ!

'ఎందుకు' అని అడగొచ్చు

సిజేరియన్ ప్రాణాలు కాపాడే ఆపరేషన్. మాయ అడ్డంగా ఉన్నా, బిడ్డ అడ్డం తిరిగినా, బొడ్డుతాడు ముందుకు జారినా, బిడ్డ గుండె వేగం పడిపోతున్నా, గంటలు గడిచినా కాన్పు ముందుకు సాగకపోయినా... అదే దిక్కు. అలాంటప్పుడు 'ఇంకాసేపు చూద్దాం' అని ఇంట్లోవాళ్లు పట్టుబట్టడం ప్రమాదం.

కానీ ప్రతి కారణమూ అంత గట్టిది కాదు. 'మెడకు పేగు చుట్టుకుంది' అనగానే గుండె జారిపోతుంది కదా... నిజానికి నూటికి పాతిక మంది పిల్లల దాకా మెడ చుట్టూ బొడ్డుతాడుతోనే పుడతారు. బిడ్డ గుండె వేగం బాగున్నంత వరకూ ఆ ఒక్క కారణానికే కోత అక్కర్లేదు. ఇక ముహూర్తాలు! ఫలానా నక్షత్రంలో ఫలానా గడియకు బిడ్డ బయటపడాలని డాక్టర్ల మీద ఒత్తిడి తెచ్చే కుటుంబాలున్నాయి. అవసరం లేకుండా 39 వారాలు నిండకముందే ఆపరేషన్ చేస్తే పుట్టిన బిడ్డకు ఊపిరి ఇబ్బందులు వచ్చే అవకాశం పెరుగుతుంది. జాతకం బాగుండాలని చూసి బిడ్డను అద్దాల పెట్టెలో పెట్టుకోవడం ఏం తెలివి?

అందుకే అత్యవసరం కానప్పుడు డాక్టర్ను నెమ్మదిగా అడగండి. ఆపరేషన్ ఎందుకు? ఆగితే ఏమవుతుంది? ఇప్పుడే చేయాలా? ఈ మూడింటికీ జవాబు వినడం మీ హక్కు. సమ్మతి పత్రం మీద సంతకం చేసే హక్కు కూడా మొదట ఆ తల్లిదే. మన ప్రాంతంలో భర్త దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉన్న ఇళ్లు చాలా. 'ఆయన ఫోన్ ఎత్తట్లేదు' అని ఆపరేషన్ ఆగాల్సిన పనిలేదు.

ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి దాకా

ఎల్లారెడ్డిలో ప్రభుత్వాస్పత్రి ఉంది. అయినా సిజేరియన్ చేయాలంటే ఆస్పత్రి ఉంటే చాలదు. ఆపరేషన్ చేసే డాక్టర్, మత్తు డాక్టర్, పిల్లల డాక్టర్, అవసరమైతే ఎక్కించడానికి రక్తం... నాలుగూ ఒకే సమయానికి అందుబాటులో ఉండాలి. ఎనిమిదో నెలలోనే ఈ నాలుగింటి గురించీ అడిగి పెట్టుకోండి. రాత్రివేళ ఎవరుంటారన్నది మరీ ముఖ్యం. లేదంటే నొప్పులు మొదలయ్యాక లింగంపేట, తాడ్వాయి మీదుగా కామారెడ్డి పరుగెత్తాల్సి వస్తుంది. అక్కడా కుదరకపోతే నిజామాబాదో, హైదరాబాదో! బీపీ, షుగర్, రక్తం తక్కువ, కవలలు, మాయ కిందికి ఉండటం... ఇలాంటివి ముందే తెలిస్తే తేదీ దగ్గర పడ్డాక పెద్దాస్పత్రికి దగ్గర్లో ఉన్న బంధువులింట్లో ఉండటం మంచిది.

తీసుకెళ్లే సంచిలో పాత స్కానింగులు, రక్త పరీక్షల కాగితాలు, ఆధార్ మొదట పెట్టండి. వదులుగా ఉండే నైటీలు, నడుం పైదాకా వచ్చే మెత్తటి లోదుస్తులు, పెద్ద ప్యాడ్లు, బిడ్డకు ఉతికిన నూలు బట్టలు ఆ తర్వాత. రక్తం ఇవ్వగలిగిన ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు ఓ కాగితం మీద రాసుకోండి.

ఖర్చు సంగతికొస్తే... 2011లో మొదలైన జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ప్రభుత్వాస్పత్రిలో సిజేరియన్ పూర్తిగా ఉచితం. మందులు, పరీక్షలు, రక్తం, ఏడు రోజుల దాకా భోజనం, ఇంటి దగ్గర దింపడం... అన్నీ అందులోవే.

ఆ ముప్పావు గంట

ముందే నిర్ణయించిన ఆపరేషన్ అయితే ఆరు గంటల ముందు నుంచి అన్నం, టిఫిన్ ఏమీ తినొద్దంటారు. మంచినీళ్లు ఎప్పటిదాకా తాగొచ్చో మత్తు డాక్టర్ చెబుతారు. 'ఓపిక ఉండాలి కదా' అని చాటుగా రెండు ఇడ్లీలు పెట్టేవాళ్లు జాగ్రత్త. మత్తులో కడుపులోది ఊపిరితిత్తుల్లోకి వెళితే ప్రాణాల మీదికి వస్తుంది.

చేతికి సెలైన్, మూత్రానికి పైపు పెడతారు. ఇన్ఫెక్షన్ రాకుండా ఇంజెక్షన్ ఇస్తారు. తర్వాత కూర్చోబెట్టి, ముందుకు వంగమని నడుం దగ్గర వెన్నులో సన్నటి సూదితో మత్తు ఇస్తారు. నిమిషాల్లో కాళ్లు వెచ్చబడి, బరువెక్కి, మొద్దుబారతాయి. ఆమె మెలకువగానే ఉంటుంది. మాటలు వినిపిస్తాయి. ముఖానికి అడ్డంగా తెర ఉంటుంది కాబట్టి ఏమీ కనిపించదు. నొప్పి ఉండదు కానీ లాగుతున్నట్టు, ఒత్తుతున్నట్టు తెలుస్తుంది. 'మత్తు ఎక్కలేదేమో' అని భయపడొద్దు. ఆ స్పర్శ తెలియడం మామూలే. నొప్పి అనిపిస్తే మాత్రం వెంటనే చెప్పేయాలి.

కోత సాధారణంగా పొత్తికడుపు కింద అడ్డంగా ఉంటుంది. మొదలుపెట్టిన కొద్ది నిమిషాల్లోనే బిడ్డ బయటికి వచ్చేస్తుంది. మిగతా సమయమంతా పొరలు పొరలుగా కుట్లు వేయడానికే. మొత్తం కలిపి ముప్పావు గంట నుంచి గంట. వణుకు, వాంతి వచ్చినట్టుండటం చాలామందికి ఉంటాయి. కాసేపట్లో సర్దుకుంటాయి. కొన్ని అత్యవసర సందర్భాల్లో పూర్తి మత్తు ఇస్తారు. అప్పుడు మాత్రం బిడ్డ తొలి ఏడుపు తల్లికి వినిపించదు.

'వెన్నులో సూది వేస్తే జన్మంతా నడుంనొప్పి' అన్నది మనూళ్లలో గట్టిగా నాటుకున్న మాట. సూది పడ్డచోట కొన్ని రోజులు నొప్పి ఉండొచ్చు. ఏళ్ల తరబడి వేధించే నడుంనొప్పికి మాత్రం ఆ సూది కారణమని పరిశోధనల్లో తేలలేదు. గర్భంతో సాగిన కండరాలు, వంగి కూర్చుని పాలివ్వడం, బరువులెత్తడం... అసలు కారణాలు చాలావరకు ఇవే.

గ్యాస్ పోయిందా?

కొన్ని గంటలకు మత్తు దిగుతుంది, నొప్పి పైకొస్తుంది. 'ఓర్చుకోవాలి' అని పళ్లు బిగించడం గొప్ప కాదు. నొప్పి అదుపులో ఉంటేనే లేవగలదు, దగ్గగలదు, బిడ్డను ఎత్తుకోగలదు. ఈ సమయంలో డాక్టర్లు ఇచ్చే మామూలు నొప్పి మాత్రలు తల్లిపాలకు ఇబ్బంది చేయవు.

ఆ రాత్రి నర్సమ్మ వచ్చి సిగ్గుపడే ప్రశ్న ఒకటి అడుగుతుంది. 'గ్యాస్ పోయిందా?' అని. నవ్వుకోవద్దు. పేగులు మళ్లీ పని మొదలుపెట్టాయనడానికి అదే గుర్తు. పొట్ట ఉబ్బి, ఒక్కోసారి భుజం దాకా నొప్పి పాకుతుంది. నడక మొదలైతే అదే తగ్గుతుంది.

ఆపరేషన్ తర్వాత రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ. అందుకే ఇరవై నాలుగు గంటల్లోపే లేపి నడిపిస్తారు. 'పచ్చి బాలింతను నడిపిస్తారా!' అని అమ్మమ్మలు కోప్పడొద్దు. లేవడానికీ ఓ పద్ధతుంది. వెల్లకిలా ఉన్నట్టే లేవకూడదు. ముందు ఓ పక్కకు తిరిగి, కాళ్లు మంచం కిందికి దించి, చేత్తో మంచాన్ని నొక్కుతూ పైకి లేవాలి. దగ్గు, తుమ్ము, నవ్వు వచ్చినప్పుడు పొట్టకు దిండు అదిమి పట్టుకుంటే కుట్లు లాగవు. మొదటిసారి లేచినప్పుడు పక్కన మనిషి తప్పనిసరి. కళ్లు తిరుగుతాయి.

పాలు పడతాయా?

'ఆపరేషన్ అయింది కదా, పాలు రావు' అన్న మాటతోనే పాలడబ్బా వార్డులోకి వస్తుంది. ముర్రుపాలు మొదటి నుంచీ ఉంటాయి. అవి చుక్కలే! అప్పుడే పుట్టిన బిడ్డ పొట్టకు ఆ చుక్కలే చాలు. పాలు బాగా దిగడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. సిజేరియన్ అయినవాళ్లకు ఇంకాస్త ఆలస్యం కావచ్చు. బిడ్డ చీకేకొద్దీ పాలు పెరుగుతాయి. తేనె, పంచదార నీళ్లు, మేకపాలు నాలుకకు రాయొద్దు.

వీలైతే తొలి గంటలోనే బిడ్డను రొమ్ముకు అందించాలి. తల్లి లేవలేదు కాబట్టి పక్కన మనిషి పట్టుకుని ఆనించాలి. పొట్ట మీద బరువు పడకుండా పక్కకు తిరిగి పడుకుని ఇవ్వొచ్చు. లేదంటే బిడ్డ కాళ్లు తల్లి చంక కింది నుంచి వెనక్కి ఉండేలా దిండు మీద పడుకోబెట్టుకోవచ్చు. రోజుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు పాలివ్వాలి. వారానికల్లా రోజుకు ఆరు బట్టలు తడుపుతోందంటే పాలు చాలుతున్నట్టే. మన జిల్లాలోని బాన్సువాడ మాతాశిశు ఆస్పత్రికి 2022లో తల్లిపాలను ప్రోత్సహించే ఆస్పత్రిగా జాతీయస్థాయి గుర్తింపు వచ్చింది. పెద్ద నగరాల్లోనే కాదు, మన దగ్గరా అది సాధ్యమే!

పథ్యమా... పస్తా?

తల్లిగారింటికి చేరాక అసలు పరీక్ష మొదలవుతుంది. పప్పు తింటే కుట్లు చీము పడతాయి. నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుంది. పెరుగు తింటే బిడ్డకు జలుబు. పండ్లు వద్దు, కూరగాయలు వద్దు. ఇక మిగిలేది ఎల్లిపాయ కారం, ఇంత అన్నం!

పొట్ట కోసి కుట్టిన మనిషికి కండ అతకాలంటే మాంసకృత్తులు కావాలి. పోయిన రక్తం తిరిగి రావాలి. బిడ్డకు పాలు తయారవ్వాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పాలిచ్చే తల్లికి తొలి ఆరు నెలలూ మామూలు కంటే రోజుకు 600 కేలరీలు అదనంగా కావాలి. అంటే ఇంకో పూట భోజనమన్నమాట! పప్పు, గుడ్డు, ఆకుకూరలు, పెరుగు, పాలు, పండ్లు, జొన్న రొట్టె... అన్నీ తినొచ్చు. పప్పుకూ చీముకూ సంబంధం లేదు. కుట్లు చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల. నీళ్లు తగ్గిస్తే మలబద్ధకం వచ్చి, ముక్కినప్పుడల్లా కుట్లు లాగుతాయి.

ఎల్లిపాయ కారం, వేడివేడి అన్నం మానేయమని కాదు. వాటి పక్కన పప్పు గిన్నె, నీళ్ల చెంబు కూడా పెట్టమనే! అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి కింద బాలింతలకు భోజనం, గుడ్డు, పాలు ఇచ్చే పద్ధతి 2015 నుంచి ఉంది. ఐరన్, కాల్షియం మాత్రలు కాన్పు తర్వాత ఆరు నెలలు వాడాలి.

కుట్ల మీద పసుపు, పౌడర్, నూనె ఏదీ వద్దు. కట్టు తీశాక డాక్టర్ సరేనంటే రోజూ స్నానం చేయొచ్చు. సబ్బు నీళ్లు పైనుంచి జారనిచ్చి, శుభ్రమైన బట్టతో అద్ది ఆరబెడితే చాలు. గాయం మీద బిర్రుగా చీరలు చుట్టడం, పొగ పెట్టిన ఉక్కగదిలో బంధించడం వల్ల చెమటకు గాయం నానుతుంది. కోత చుట్టూ నెలల తరబడి మొద్దుబారినట్టు, దురదగా ఉండటం మాత్రం మామూలే. రక్తస్రావం రోజురోజుకూ తగ్గుతూ ఆరు వారాల దాకా ఉండొచ్చు.

బీడీల చాట అటక మీదికి!

ఆరు వారాల దాకా బిడ్డ కన్నా బరువైనది ఎత్తకూడదు. ఇది డాక్టర్లు ఒక్క వాక్యంలో చెప్పేస్తారు. ఇంట్లో దానికి అర్థం చాలా ఉంది. నీళ్ల బిందె, బియ్యం మూట, తడిబట్టల బకెట్, పెద్దపిల్లాడు... ఏదీ కాదు. వరినాట్లు, కలుపు సంగతి చెప్పనే అక్కర్లేదు.

మన దగ్గర బీడీలు చుట్టే ఆడవాళ్లు ఎక్కువ. 'పొలం పని కాదు కదా, కూర్చునే పనే' అని నెల తిరక్కుండానే చాట ఒళ్లోకి వచ్చేస్తుంది. గంటలకొద్దీ కింద కూర్చుని ముందుకు వంగితే పొత్తికడుపు మడత పడి కుట్ల మీద ఒత్తిడి. దానికితోడు తంబాకు దుమ్ము. ఆ చేతులతోనే బిడ్డను ఎత్తుకోవడం! కనీసం ఆ ఆరు వారాలూ చాట దూరంగా పెట్టండి. తర్వాతైనా బిడ్డ పడుకున్న గదిలో తంబాకు వద్దు. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే బిడ్డను ముట్టుకోవాలి.

బైకు వెనక ఒకపక్కకు కూర్చుని, గతుకుల్లో ఊరెళ్లడం కూడా ఇప్పుడొద్దు. భార్యాభర్తల కలయికకూ ఆరు వారాల పరీక్ష అయ్యేదాకా ఆగాలి. అప్పుడే పిల్లల మధ్య ఎడం కోసం ఏం వాడాలో అడగండి. నెలసరి రాకపోయినా గర్భం రావచ్చు మరి!

సిజేరియన్ అయిన తల్లి ఇంటికి ఆశా కార్యకర్త 7, 14, 21, 28, 42 రోజులకు రావాలి. వస్తే బిడ్డ బరువుతోపాటు తల్లి కుట్లు, జ్వరం కూడా చూడమనండి.

ఏడుపు ఎందుకొస్తుంది?

బిడ్డ బాగుంది, ఇంటినిండా చుట్టాలు. ఆమెకు మాత్రం ఉట్టిపుణ్యానికే కన్నీళ్లు. ఒంట్లో హార్మోన్లు ఒక్కసారిగా పడిపోవడం, నిద్ర లేకపోవడం, నొప్పి... ఇవన్నీ కలిసి తొలి రెండు వారాల్లో చాలామందిని ఏడిపిస్తాయి. దానిమీద 'మేం పదిమందిని ఇంట్లోనే కన్నాం' అన్న దెప్పుళ్లు, ఆడపిల్ల పుట్టిందన్న నిట్టూర్పులు పడితే? నార్మల్ కాలేదంటే తనలోనే ఏదో లోపముందని ఆమె కుంగిపోతుంది. పొట్ట మీద కోత తీసుకుని బిడ్డను కన్న మనిషి ఆమె. అందులో తక్కువేముంది?

రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోయినా, బిడ్డను ముట్టుకోవాలనిపించకపోయినా, బతకాలని లేదన్నా... గాలి, ధూళి అనుకోకుండా డాక్టర్‌కు చూపించాలి. టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు. ఖర్చుండదు.

ఇవి కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు

* 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, చలి
* గంటకో ప్యాడ్ తడిసేంత రక్తస్రావం, పెద్ద గడ్డలు, దుర్వాసన
* కుట్లు ఎర్రబడటం, చీము కారడం, విచ్చుకోవడం
* ఒకే కాలి పిక్కలో వాపు, నొప్పి
* ఆయాసం, ఛాతీలో నొప్పి
* తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ఫిట్స్. కాన్పు తర్వాత ఆరు వారాల దాకా బీపీ ముప్పు ఉంటుంది
* కూర్చుంటే పెరిగి, పడుకుంటే తగ్గే తలనొప్పి. వెన్నులో మత్తు తర్వాత కొద్దిమందికి వస్తుంది, చికిత్స ఉంది
* మూత్రం రాకపోవడం, మంట

వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ఊపిరాడకపోయినా, ఫిట్స్ వచ్చినా, రక్తం ఆగకపోయినా 108కి ఫోన్ చేయండి.

ఆ కాగితం జాగ్రత్త

'మొదటిది ఆపరేషన్ అయితే రెండోదీ ఆపరేషనే' అనేది సగం నిజమే. కోత అడ్డంగా పడి, మొదటిసారి ఉన్న కారణం రెండోసారి లేకపోతే, నార్మల్‌కు ప్రయత్నించినవాళ్లలో నూటికి 60 నుంచి 80 మందికి కుదురుతుంది. అయితే పాత కుట్టు విచ్చుకునే ముప్పు కొద్దిగా ఉంటుంది. సుమారు రెండొందల మందిలో ఒకరికి. కాబట్టి నిమిషాల మీద ఆపరేషన్ చేయగల ఆస్పత్రిలోనే ఆ ప్రయత్నం చేయాలి. ఇంకోపక్క ఆపరేషన్ల సంఖ్య పెరిగేకొద్దీ మాయ పాత కుట్టుకు అతుక్కుపోయి విపరీతంగా రక్తం పోయే ప్రమాదం పెరుగుతుంది. కాన్పుకూ తర్వాతి గర్భానికీ మధ్య కనీసం రెండేళ్లు ఎడం ఉండటం మేలు.

రేపు ఏ డాక్టరైనా ఈ నిర్ణయం తీసుకోవాలంటే మొదటి ఆపరేషన్ ఎందుకు చేశారో, గర్భసంచి మీద కోత ఏ రకమో తెలియాలి. పైకి కనిపించే మచ్చను బట్టి అది చెప్పలేరు. అదంతా డిశ్చార్జి కాగితంలోనే ఉంటుంది. రాసి ఉందో లేదో ఆస్పత్రి నుంచి బయల్దేరే ముందే చూసుకోండి, లేకపోతే రాయించుకోండి. ఇంటికి రాగానే పాస్‌బుక్కులు, భూమి కాగితాలు దాచే బీరువాలోనే దాన్నీ దాచండి. మళ్లీ కాన్పు వేళకు అత్తగారి నగల కన్నా అదే ఎక్కువ అక్కరకొస్తుంది!